పటిక కింద నోటు

వీధిలో అందరూ ఆయన్ని చిల్లర మామ అంటారు. బోర్డు మీద రాసిన రేటు కంటే ఒక్క పైసా ఎక్కువ తీసుకోడు కాబట్టి ఆ పేరు. పెట్టినవాడు పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు, చుట్టరికం ఏమీ లేదు. "జేబులో సరిపడా చిల్లరుందా? లేకపోతే మా బావ సగం గడ్డమే గీసి, మిగతా సగం రేపు రమ్మంటాడు" అని కొత్తవాళ్లని హడలగొట్టడం గడియారాలాయనకి సరదా.

సెలూన్ చిన్నది. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడకి ఆనించిన బల్ల. కుర్చీ వీపు వీధి వైపు, ముఖం అద్దం వైపు. కూర్చున్నవాడికి అద్దంలో తన ముఖం కనిపిస్తుంది. వెనక నిలబడి కత్తి పట్టుకున్నవాడికి ఆ ముఖం పైన, భుజాల పక్కన, వీధి మొత్తం కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లుగా చిల్లర మామ వీధిని ఎక్కువగా అద్దంలోనే చూశాడు. బస్సులు ఎటు నుంచి వస్తాయని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం ఆలోచించి చెప్పేవాడు. ఆయన తలలో అవి ఎదురు వైపు నుంచి వస్తాయి.

గుమ్మం పక్కన గోడకి మేకులతో బిగించిన చిన్న చెక్క మీద ఇత్తడి పళ్లెం ఉంటుంది. పని అయ్యాక మనిషి లేచి, తనే డబ్బు అందులో వేసి, తనే చిల్లర తీసుకుని వెళ్లాలి. ఆ ఏర్పాటు వాళ్ల నాన్నది. కత్తి పట్టిన చెయ్యి చాపకూడదు అనేవాడట. ఇంకో మాట కూడా చెప్పి పోయాడు. పళ్లెంలో ఉన్నది మనది, పళ్లెం బయట ఉన్నది ఎవరో మరిచిపోయింది.

మరిచిపోయేవాళ్లకి కొదవ లేదు. గొడుగులు, కళ్లజోళ్లు, తాళంచెవులు. ఒకసారి ఒక పెద్దాయన కట్టుడు పళ్లు గ్లాసులో వదిలేసి పోయాడు. ఏది దొరికినా చిల్లర మామ గుమ్మంలోకి వచ్చి "అయ్యా!" అని కేక వేసేవాడు. ఆ గొంతు వీధి చివర మలుపు దాకా వినిపించేది. పిలిచింది ఒకరినైనా నలుగురు వెనక్కి తిరిగేవాళ్లు. "నీ కేకకి నా గడియారాలన్నీ ఐదు నిమిషాలు ముందుకు దూకుతున్నాయి బావా" అనేవాడు పక్కాయన.

అది పన్నెండేళ్ల కిందటి మాట.

ఆ రోజు పదకొండు గంటలవేళ ఒక పరదేశి వచ్చాడు. భుజాన సంచి ఉంది. మాట తెలియదు. గడ్డం మీద అరచెయ్యి రాసి చూపించాడు. బోర్డు మీద అంకెలు చదువుకున్నాడు. కూర్చుని తల వెనక్కి వాల్చాడు. గడ్డం కింద, కుడి వైపు, గోరంత మేర వెంట్రుక మొలవని చోటు ఉంది. ఎప్పటిదో గాయం. చిల్లర మామ వేలితో తడిమి, ఆ చోట కత్తి తేలికగా నడిపాడు. పరదేశి కళ్లు మూసుకునే చిన్నగా తల ఊపాడు. ఆ చోటుని గమనించినందుకు అన్నట్టు.

పటిక రాశాడు. గుడ్డ తీసి దులిపాడు. ఆ మనిషి లేచి, పళ్లెంలో సరిగ్గా రేటు డబ్బు వేసి, చేతులు జోడించినట్టేదో చేసి బయటికి నడిచాడు. చిల్లర మామ కత్తి కడిగి అద్దం ముందు పెట్టబోయాడు. పటిక గడ్డ కింద నాలుగు మడతల నోటు కనిపించింది. రేటుకి పది రెట్ల నోటు.

పళ్లెం బయట ఉంది. ఇంక ఆలోచించాల్సింది లేదు. గుమ్మంలోకి ఒక్క అంగ వేశాడు.

"అయ్యా!"

రోడ్డు మధ్యలో ఉన్న మనిషి ఆగాడు. వెనక్కి తిరగబోయాడు.

లారీ డ్రైవరు బ్రేకు వేశాడనే చూసినవాళ్లందరూ చెప్పారు.

ఆ సాయంత్రం చిల్లర మామ నోటు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. నేనే పిలిచాను, రాసుకోండి అన్నాడు. ఇన్‌స్పెక్టరు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"పిలవడం నేరం కాదు పెద్దాయనా. ఏ గడిలో రాయమంటావ్?"

"మరి ఈ డబ్బు?"

"ఒంటి మీద దొరికినవే మేం రాసుకునేది. ఇది నీ షాపులో దొరికింది. నీ దగ్గరే ఉంచు. వాళ్లవాళ్లెవరైనా వస్తే ఇవ్వు."

ఎవరూ రాలేదు. శవాన్ని వాళ్ల దేశానికి పంపించేశారని తెలిసింది. నోటుని చిల్లర మామ ఎక్కడ దొరికిందో అక్కడే, అవే మడతలతో, పటిక కింద పెట్టాడు. పటిక అరుగుతుంది. ప్రతి గడ్డానికీ కాస్త. అరిగి గోలీ అంత అయ్యాక కొత్త గడ్డ తెస్తాడు. ఈ పన్నెండేళ్లలో ఆ నోటు మీద తొమ్మిది పటికలు అరిగిపోయాయి. నోటు అంచులకి తెల్లగా ఉప్పులా పేరుకుంది.

ఊరు ఓదార్చింది. పక్కాయన, "మరిచిపోయిన డబ్బు ఇవ్వబోయావు. దొంగతనం చెయ్యబోలేదుగా" అన్నాడు. భార్య కూడా ఆ మాటే, వేరేగా అంది. "ఆయన మరిచిపోకపోతే మీరు పిలిచేవారా? పిలవకపోతే రేపు డబ్బు కోసం వెతుక్కునేవాడు కాదా?" చిల్లర మామ ఆ మాటని పట్టుకున్నాడు. మరిచిపోయాడు. కాబట్టి పిలిచాను. ఆ రెండు వాక్యాల మీద నిలబడి పన్నెండేళ్లు పని చేశాడు.

కానీ మళ్లీ ఎవరినీ పిలవలేదు.

ఎవరైనా గొడుగు మరిచిపోతే దాన్ని చేత్తో పట్టుకుని గబగబా నడిచి, ఆ మనిషిని దాటి, ముందుకు వెళ్లి నిలబడేవాడు. గొడుగు ఎత్తి చూపించేవాడు. అందుకోలేనంత దూరం పోతే ఆ గొడుగు షాపులోనే ఉండిపోయేది. బల్ల కింద గొడుగులు పెరిగాయి. ఇంట్లో భార్యతో మాట కావాలంటే వంటగదిలోకి వెళ్లి ఆవిడ ఎదుట నిలబడేవాడు.

"అక్కడి నుంచి పిలిస్తే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని ఆవిడ మొదట్లో విసుక్కునేది. తరవాత మానేసింది. కళ్లెదుట నీడ పడితే తల ఎత్తి, "ఏం కావాలి?" అనేది.

అద్దం సంగతి ఎవరికీ చెప్పలేదు. పదకొండు గంటలవేళ, కుర్చీలో ఎవరున్నా, ఆ ముఖం పక్కన వీధిలో ఒక మనిషి రోడ్డు దాటుతూ కనిపిస్తాడు. భుజాన సంచి. మధ్యలో ఆగుతాడు. వెనక్కి తిరగడం మొదలుపెడతాడు. భుజం తిరుగుతుంది. చెవి కనిపిస్తుంది. అంతలో ఏదో బస్సు అడ్డం వస్తుంది. బస్సు పోయాక రోడ్డు మామూలుగా ఉంటుంది. ముఖం ఏనాడూ కనిపించలేదు. చిల్లర మామకి ఆ ముఖం గుర్తు కూడా లేదు. గుర్తున్నది వేలికే. గడ్డం కింద, కుడి వైపు, గోరంత.

ఆయనకి ఒక్కతే కూతురు. చదువు అయ్యాక, పరదేశాల నుంచి వచ్చేవాళ్లకి ఊరు చూపించే ఉద్యోగంలో చేరింది. రెండు భాషలు నేర్చుకుంది. బస్సులో నిలబడి ఏమేం చెప్పాలో కంపెనీవాళ్లు కాగితాల మీద రాసిచ్చారు. రాత్రి అన్నాల దగ్గర అవి అమ్మానాన్నలకి వినిపించి అలవాటు చేసుకునేది.

"ఇవాళ్టి పాఠం టిప్పులు" అంది ఒకరోజు.

"అంటే?" అంది తల్లి.

"పనికి డబ్బిచ్చాక, పని నచ్చిందని పైన ఇంకాస్త ఇవ్వడం."

"అడక్కుండానే? పిచ్చా వాళ్లకి?"

"అదేనమ్మా తమాషా. మన చుట్టుపక్కల దేశాలన్నీ ఇక్కడివిక్కడే, అయినా ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఒక దేశంలో ఇవ్వకపోతే మొహం మాడ్చుకుంటారు. దాని పక్క దేశంలో ఇస్తే మాడ్చుకుంటారు. ఒక చోట కవర్లో పెట్టి రెండు చేతులా ఇవ్వాలి. ఒక చోట నీకని చెప్పకుండా కారు డ్రైవరుకి చిల్లర వదిలెయ్యాలి. మన ఊళ్లో అయితే అసలు ఇవ్వొద్దని చెప్పాలి."

"మీ నాన్నకిస్తే తిరిగి మొహాన కొడతాడు" అంది తల్లి నవ్వుతూ.

"కొందరుంటారటమ్మా. చేతికివ్వరు. కప్పు కిందో, సబ్బు పెట్టె కిందో మడిచి పెట్టి వెళ్లిపోతారట. హోటల్లో కొత్తగా చేరినవాళ్లు మరిచిపోయారనుకుని వెనకాల పరిగెడతారట. అలా పరిగెత్తొద్దని వాళ్లకి ముందే నేర్పిస్తార..."

అక్కడ ఆగిపోయింది.

చిల్లర మామ చెయ్యి కంచంలో ఉంది. కదలలేదు. భార్య ఆయన్ని చూసి కూతుర్ని చూసింది. "అన్నం చల్లారిపోతుంది" అంది, ఎవరితోనో తెలియకుండా.

ఆయన అడిగాడు. "కింద పెట్టేది ఏ దేశంవాళ్లు?"

"తెలీదు నాన్నా."

"కనుక్కో."

ఆ తరవాత రోజులు మారాయి. ఆ రెండు వాక్యాల్లో మొదటిది కదిలిపోయింది. మరిచిపోయి ఉంటే పిలవడం పని. ఇచ్చి ఉంటే ఆ పిలుపు దేనికి? ఒక మనిషి ఇవ్వవలసింది ఇచ్చి, తన దారిన తను పోతున్నాడు. ఆయన్ని రోడ్డు మధ్యలో ఆపింది ఎవరు? రోజుకి పదిసార్లు పటిక ఎత్తి నోటుని చూసేవాడు. జేబులోంచి జారిపడిన నోటు నాలుగు మడతల మీద ఉంటుందా? జారిపడిన నోటు పటిక కిందికి ఎలా వెళుతుంది? ఈ ప్రశ్న పన్నెండేళ్ల కిందట గుమ్మం దాటక ముందు రావలసింది. అడిగి తెలుసుకోవడానికి ఉన్నవాడు ఒక్కడే. వాడు రోజూ పదకొండింటికి వచ్చి, ముఖం చూపించకుండా పోతున్నాడు.

వానలు వెలిసిన ఒక ఉదయం గడియారాలాయన కుర్చీలో ఉన్నాడు. ఎడమ చెంప అయింది. కుడి చెంప నిండా నురుగు. కూతురు గుమ్మంలోకి వచ్చింది. పని వేళలో ఎప్పుడూ రాదు.

"నాన్నా, ఒకావిడ వచ్చింది. ఈ వీధి చూపించమని మా ఆఫీసులో అడిగితే నన్ను పంపారు."

"చూపించు."

"ఆయన అక్కట."

ఎవరాయన అని చిల్లర మామ అడగలేదు. కత్తి మడిచి పెట్టాడు.

"నేను లేననుకోండి" అన్నాడు గడియారాలాయన నురుగులోంచి.

లోపలికి వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. జుట్టు పొట్టిగా ఉంది. బల్ల మీద కూర్చుని చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి, వెనక ప్లాస్టర్ అంటించి ఉంది. ఆవిడ మాట్లాడుతుంటే కూతురు ఒక్కో ముక్కా తండ్రికి చెప్పింది.

"పోలీసులు పంపిన కాగితమట. ఇందులో ఒక్క వాక్యం ఉందట. రోడ్డు మధ్యలో వెనక్కి తిరిగి ఆగినందువల్ల, అని. పన్నెండేళ్లుగా అదే చదువుతోందట. వాళ్ల తమ్ముడు నడుస్తూ వెనక్కి చూసే రకం కాదట. చిన్నప్పుడు ఈవిడ వెనకబడ్డా చూసేవాడు కాదట. ఎందుకు తిరిగాడో ఎవరైనా చూశారా అని అడుగుతోంది."

చిల్లర మామ పటిక ఎత్తాడు. నోటుని అరచేతిలో పెట్టుకుని ఆవిడ ముందుకు వచ్చాడు.

"ఇది ఆయనదమ్మా. మరిచిపోయి వెళ్లాడు. మీరు వస్తే ఇవ్వమన్నారు." తరవాత కూతురితో, "మరిచిపోయాడు అని చెప్పు" అన్నాడు మళ్లీ.

కూతురు చెప్పింది. ఆవిడ నోటు తీసుకోలేదు. వంగి మడతలు చూసింది. నాలుగు మడతలు, ఒక మూల లోపలికి దోపి ఉంది. ఆ మూలని గోటితో ముట్టుకుంది. నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు.

"మరిచిపోయే మనిషి కాదంటోంది" అంది కూతురు. గొంతు తగ్గింది. "హోటల్లో సామాన్లు మోసేవాడట, పంతొమ్మిదేళ్లు. జనం ఇచ్చే టిప్పులతోనే బతికాడట. ఎవరికైనా ఇవ్వాలంటే ఇలా మడిచి, మూల దోపి, ఏదో ఒకదాని కింద పెట్టేవాడట. చేతికిస్తే తీసుకునేవాడు నవ్వాలి, వంగాలి. ఆ నవ్వు నవ్వీ నవ్వీ నాకు దవడలు పడిపోయాయి, ఇంకొకడి చేత నవ్వించను అనేవాడట." ఆగింది. "ఇది నీకిచ్చిందే అంటోంది. వాడికి నీ పని నచ్చి ఉంటుంది అంటోంది."

చిల్లర మామ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. తన షాపులో ఆ బల్ల మీద ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. నోటు అరచేతిలోనే ఉంది.

"నేను పిలిచాను" అన్నాడు.

కూతురు తండ్రి వైపు తిరిగింది.

"చెప్పు."

"నాన్నా, ఆవిడ రేపు వెళ్లిపోతుంది. ఇప్పుడిది..."

"అడిగిందానికి జవాబు అది. ఆయన ఇచ్చి వెళ్లాడు. నేను వెనక నుంచి కేకేశాను. అందుకు తిరిగాడు. ఒక్క మాట తగ్గించకు. తగ్గిస్తే నాకు తెలియదు, నీకు తెలుస్తుంది."

కూతురు చెప్పింది. ఎక్కువసేపు పట్టలేదు. చిల్లర మామ ఆ పరాయి మాటల్ని వినలేదు, ఆవిడ ముఖం చూశాడు. అక్కడికి ఆ మాట చేరడం చూశాడు.

కుర్చీలో నురుగు ఆరి చిటపటమంటోంది. గడియారాలాయన కదల్లేదు.

ఆవిడ కాగితం మడిచింది. విప్పింది. మళ్లీ మడిచి సంచిలో పెట్టింది. అప్పుడు ఒక ప్రశ్న అడిగింది.

"ఏమని పిలిచావంటోంది."

"అయ్యా అన్నాను."

ఆ ఒక్క మాటకి ఆవిడ భాషలో మాట వెతుక్కోవడానికి కూతురికి సమయం పట్టింది. రెండు మూడు మాటలు కలిపి చెప్పింది. ఆవిడ ఇంకేదో అడిగింది.

"పెద్దవాళ్లనే అలా పిలుస్తారా అని."

"ఎవరినైనా. పేరు తెలియనప్పుడు. మర్యాదగా."

"హోటల్లో ఆయన్ని గంట కొట్టి పిలిచేవాళ్లట నాన్నా. లేకపోతే నంబరుతో." కూతురు కళ్లు తుడుచుకుంది. "ఎలా పిలిచావో వినాలంటోంది."

ఇప్పుడు రోడ్డు మధ్యలో డివైడరు ఉంది. సిగ్నల్ ఉంది. అవి తరవాత వచ్చాయి. ఎర్ర దీపం పడ్డాక ఆవిడ డివైడరు దాకా నడిచింది. వీపు ఇటు పెట్టి నిలబడింది. సంచి భుజానికి తగిలించుకుంది. చిల్లర మామ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనక కూతురు. ఆమె వెనక, మెడ చుట్టూ గుడ్డతో, సగం ముఖంతో గడియారాలాయన.

మొదటిసారి గొంతు రాలేదు. గాలి వచ్చింది.

"పిలు నాన్నా."

"అలవాటు తప్పిందమ్మా."

బస్సొకటి పోయింది. ఆవిడ అలాగే నిలబడి ఉంది. వీపులో తొందర లేదు.

"అయ్యా!"

వీధి చివర మలుపు దాకా వెళ్లింది. నలుగురు తిరిగి చూశారు. డివైడరు మీద ఆవిడ తిరిగింది. భుజం, చెవి, చెంప. బస్సు రాలేదు. ముఖం మొత్తం ఇటు తిరిగింది. అక్కాతమ్ముళ్లవి ఒకే దవడలు. చిల్లర మామ వేలు దానంతట అదే కదిలింది. ఆ ముఖం ఆయనకి గుర్తొచ్చింది.

ఆవిడ కాసేపు ఇటే చూస్తూ ఉంది. తమ్ముడు చివర విన్నది వింటున్నట్టు, అది ఇంకా గాలిలో ఉన్నట్టు.

తిరిగి వచ్చి ఆయన చేతిలో నోటు తీసుకుంది. పాత మడతలు చెదరకుండా పటిక కింద పెట్టింది. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. గుమ్మం దిగి నడిచింది.

"డబ్బు?" అన్నాడు చిల్లర మామ.

"అది నీదే నాన్నా" అంది కూతురు. "అప్పటి నుంచీ." ఆవిడ వెనక వెళ్లింది.

బల్ల మీద కళ్లజోడు ఉంది. ఆవిడదే. చిల్లర మామ దాన్ని చూశాడు. తీసుకుని, పరుగులాంటి నడకతో ఇద్దరినీ దాటి, ముందు నిలబడి, ఎత్తి చూపించాడు.

తిరిగి వచ్చి కత్తి తెరిచి, మళ్లీ మడిచి పెట్టేశాడు.

"నా సంగతేంటి బావా?"

"రేపు."

గడియారాలాయన అద్దంలో రెండు చెంపలూ చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా అందరికీ చెప్పిన ముక్క తన ముఖం మీదికే వచ్చింది. నవ్వబోయి మానేశాడు. రుమాలు చెవుల మీదుగా కట్టుకుని, పళ్లెంలో సగం రేటు వేసి వెళ్లాడు.

మర్నాడు పదకొండు కావస్తుండగా వచ్చి కూర్చున్నాడు. చిల్లర మామ బ్రష్షు తడిపి నురుగు చేశాడు. కత్తిని తోలు పట్టీ మీద అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తిప్పాడు. చెంప అయింది. తల వెనక్కి వాల్చి గొంతు మీదికి వచ్చాడు. గడియారాలాయన కళ్లు మూసుకున్నాడు.

అద్దంలో, ఆ ముఖం పక్కన, భుజాన సంచితో ఒక మనిషి రోడ్డు మధ్యకి వచ్చి ఆగాడు. తిరిగాడు. బస్సు రాలేదు. ముఖం పూర్తిగా ఇటే ఉంది. ఎదురుచూస్తున్నట్టు ఉంది.

కత్తి గొంతు దగ్గర ఆగింది.

"ఆగావేం బావా?" కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఏం లేదు. ఒకాయన రోడ్డు దాటుతున్నాడు."

"దాటనీ."

చిల్లర మామ అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"దాటాడా?"

"ఇంకా లేదు."